వటుడు మర్రిచెట్టు కాదు

ప్రశ్న: మా వదిన పన్నెండేళ్ళ క్రితం వీధి చివర ఒక ఇడ్లీ బండితో మొదలుపెట్టి, ఇప్పుడు మూడో టిఫిన్ సెంటర్ తెరుస్తున్నారు. ఫ్లెక్సీ మీద 'ఇంతింతై వటుడింతై' అని వేయిద్దామన్నాను. ఫ్లెక్సీ షాపు అబ్బాయి 'ఇంతింతై వటవృక్షమంతై' అని కొట్టి తెచ్చాడు. వటుడన్నా మర్రిచెట్టేనట. ఆడమనిషిని పట్టుకుని వటుడు అనవచ్చా అని ఇంట్లో ఇంకో తగువు. మూడు షాపులయ్యాక కూడా 'ఇంత' అంటే చిన్నబుచ్చినట్టు కాదా అని మా అన్నయ్య. ఇవన్నీ ఎందుకు, 'పిట్ట కొంచెం కూత ఘనం' అని వేసేద్దామంటే, పిట్ట 'చిన్నది' అవుతుంది గానీ 'కొంచెం' ఎలా అవుతుందని మా అమ్మాయి. దయచేసి తేల్చండి.

సమాధానం: ప్రింటుకు వెళ్ళేలోపే అడిగారు, సంతోషం. చాలామంది కట్టేశాక అడుగుతారు.

ముందు మర్రిచెట్టు సంగతి. వటము అంటే మర్రి, నిజమే. వటవృక్షం, వటపత్రశాయి అన్న మాటలు చెవిన పడుతూనే ఉంటాయి కాబట్టి షాపు అబ్బాయి పొరబడటంలో వింత లేదు. కానీ వటుడు వేరు. ఉపనయనం అయిన బ్రహ్మచారి పిల్లవాడు వటువు. ఉపనయనాల పిలుపుల్లో ఇప్పటికీ ఆ మాట వాడతారు. వటువుకు తెలుగు రూపమే వడుగు. భాగవతంలో బలిచక్రవర్తి వామనుణ్ణి 'వడుగా! ఎవ్వరివాడవు' అనే పలకరిస్తాడు. వ్యాకరణం వైపు నుంచి చూసినా అంతే. తెలుగులో సంస్కృత పదానికి 'డు' చేరేది మగవారిని చెప్పే మాటలకు. రాముడు, బాలుడు, వటుడు. చెట్టుకు 'ము' వస్తుంది, వృక్షము, వటము. మర్రిచెట్టును వటుడంటే దానికి జంధ్యం కూడా వేయాల్సి వస్తుంది.

ఆడవారికి వాడవచ్చా అంటే, నిరభ్యంతరంగా వాడవచ్చు. ఇక్కడ వటుడు మీ వదిన కాదు, వామనుడు. పోతన రాసిన పద్యంలోంచి ఊడివచ్చిన ముక్క ఇది, నానుడిగా స్థిరపడిపోయింది. నానుడిలో లింగం మార్చరు. ఒకావిడ భగీరథ ప్రయత్నం చేసిందంటే ఆవిడ భగీరథుడైపోదు కదా.

మీ ప్రశ్నల్లో నాకు బాగా నచ్చింది మీ అన్నయ్యగారిది. 'ఇంత' చిన్నదా, పెద్దదా? ఆ మాటకు సొంతంగా కొలత లేదండీ. కొలత మన చేతుల్లో ఉంది, అక్షరాలా. బొటనవేలూ చూపుడువేలూ దగ్గర పెట్టి 'ఇంత' అంటే ఆవగింజ, రెండు చేతులూ చాపి 'ఇంత' అంటే ఏనుగు. 'ఇంత ముద్ద పెట్టమ్మా' అంటే కొంచెమే. 'ఇంత డబ్బా!' అంటే బోలెడు. 'ఇన్ని మంచినీళ్ళు ఇవ్వండి' అన్నవాడికి బిందె ఎత్తి ఇవ్వం, గ్లాసెడే ఇస్తాం. పెళ్ళిళ్ళలో పెద్దవాళ్ళు మన భుజం మీద చెయ్యి వేసి 'ఇంతున్నప్పుడు చూశాను వీణ్ణి, ఇంతవాడయ్యాడు' అంటారే, ఆ వాక్యంలో రెండు 'ఇంత'లూ ఒకటేనా? మొదటిదానికి చెయ్యి మోకాలి దగ్గర ఉంటుంది, రెండోదానికి తలపైకి వెళుతుంది. తెలంగాణలో 'గింత పోరడు గంత పని చేసిండా!' అంటారు. అక్కడ 'గింత' పోరడి సైజుకు, 'గంత' వాడు చేసిన పనికి.

మాట కూడా చూడటానికి పిసరంతే. కానీ దాని జంట 'అంత' తెలుగులో కొలతలన్నిటికీ ఆధారం. గోరంత, కొండంత, రవ్వంత, ఆవగింజంత అన్నీ దాని సంతానమే. 'ఇసుమంతైనా సిగ్గులేదు' అని తిట్టేటప్పుడు ఎవరికీ గుర్తుండదు గానీ ఇసుము అంటే ఇసుక. ఇసుక రేణువంతైనా లేదని దాని అర్థం.

ఇప్పుడు పద్యానికి వద్దాం. వామనుడు మూడడుగులు దానం పట్టి పెరగడం మొదలుపెట్టినప్పటిది. పదిహేనో శతాబ్దపు పోతన ఆ పెరుగుదలను ఏ గొప్ప విశేషణంతోనూ చెప్పలేదు. ఈ 'ఇంత'తోనే చెప్పాడు:

ఇంతింతై వటుడింతయై మఱియు దానింతై నభోవీధిపై
నంతై తోయదమండలాగ్రమున కల్లంతై ప్రభారాశిపై
నంతై చంద్రునికంతయై ధ్రువునిపై నంతై మహర్వాటిపై
నంతై సత్యపదోన్నతుం డగుచు బ్రహ్మాండాంత సంవర్ధియై

ఒక్కసారి లెక్కపెట్టండి. మొదటి పాదంలో నాలుగు 'ఇంత'లు. రెండో పాదం మొదలు ఇంక 'ఇంత' అన్నదే లేదు, అన్నీ 'అంత'లే, 'అల్లంత'తో కలిపి ఆరు. ఎందుకు మారింది? 'ఇది' దగ్గరిది, 'అది' దూరంది. వటుడు కళ్ళెదుట ఉన్నంతసేపు ఇంత, ఇంత, ఇంత అని చేత్తో చూపించవచ్చు. ఆకాశం దాటాక చూపించడానికి చెయ్యి చాలదు, తల వెనక్కి వంచి 'అంత' అనాల్సిందే. మేఘాలు కూడా దాటాక 'అల్లంత'. అల్లంత దూరాన అంటామే, ఆ అల్లంత. చూసేవాడు కదలకుండా నిలబడి ఉన్నాడు, ఎదుటివాడు పైకి పోతున్నాడు. ఈ సంగతంతా ఇ-కారం అ-కారంగా మారడంలో ఉంది. చివరి పాదంలో తెలుగు 'అంత' కూడా అయిపోయి, 'బ్రహ్మాండాంత' అన్న సమాసంలో సంస్కృత 'అంత' వచ్చింది. దానర్థం కొస, ముగింపు. ఇది పోతన కావాలని చేశాడా, కలిసొచ్చిందా అని వాదించుకోవచ్చు. నేను కావాలనే చేశాడంటాను.

'ఇంతై' సరా, 'ఇంతయై' సరా అని కూడా కొందరు అడుగుతుంటారు. ఇంత + ఐ అన్నప్పుడు సంధి జరిగితే ఇంతై, జరగకపోతే మధ్యలో యకారం వచ్చి ఇంతయై. హ్రస్వ అకారానికి సంధి బహుళం, అంటే జరగవచ్చు, మానవచ్చు. రెండూ ఒకే పాదంలో ఉన్నాయి చూడండి. ఫ్లెక్సీకి ఇంతై చాలు.

అసలు ఈ కథలో చిన్నతనమే ఆయుధం. 'ఒంటివాడ నాకు నొకటి రెండడుగుల మేర యిమ్ము' అంటాడు వామనుడు. మనం 'ఒకటి రెండు ఇడ్లీలు పెట్టు' అన్నట్టే, వినడానికి ఏదో కాస్త అన్నట్టుంది. కలిపితే మూడు! బలి అది పట్టించుకోడు. పైగా 'అడుగ దలచి కొంచె మడిగితి వో చెల్ల!' అని జాలిపడతాడు. దాత స్థాయి చూసుకుని అడగొద్దా అని చనువుగా కోప్పడతాడు కూడా. అడుగు అంటే పాదం, అడుగు అంటే యాచించు. ఆ రెండూ ఒకే మాట కావడం తెలుగు కవికి దొరికిన వరం. ఎదురుగా ఉన్నవాడు ఎవరో గుర్తుపట్టింది శుక్రాచార్యుడు ఒక్కడే.

బలి నోట వచ్చిన 'కొంచెం' చూశారా, మీ అమ్మాయి ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. ఇప్పుడు మనం కొంచెం అంటే 'కాస్త' అనే అర్థంలోనే వాడుతున్నాం. కొంచెం జరగండి, కొంచెం ఉప్పు. పాత తెలుగులో అది పరిమాణానికి కూడా చెల్లింది: చిన్నది, తక్కువది. వేమన 'కొండ యద్దమందు కొంచమై యుండదా' అన్నప్పుడు అద్దంలో కొండ చిన్నదిగా కనిపించదా అని అర్థం. పిట్ట కొంచెం అన్నా అంతే. అది పాత అర్థాన్ని దాచిపెట్టుకున్న సామెత, దిద్దనవసరం లేదు. 'పిట్ట చిన్నది కూత పెద్దది' అంటే అర్థం అదే గానీ, ఆ పిట్ట ఎగరదు.

కానీ మీ వదినగారి ఫ్లెక్సీ మీద దాన్ని వేయకండి. ఐదేళ్ళ పిల్ల స్టేజీ ఎక్కి గడగడా పద్యాలు చెబితే ఆ సామెత ముద్దు. పెద్దవారిని అంటే కూతే ఎక్కువ అనే ఎత్తిపొడుపు కూడా వినిపిస్తుంది. కూత అన్న మాటకే తెలుగులో అంత మర్యాద లేదు, 'ఏం కూస్తున్నావు?' అంటాం కదా.

మర్రిచెట్టు మీద షాపు అబ్బాయికి మరీ మోజుంటే దానికీ దారి ఉంది. 'విత్తనంబు మర్రి వృక్షంబునకు నెంత' అని వేమనే అన్నాడు. మర్రిచెట్టు ముందు దాని గింజ ఎంత అని. ఆ పోలిక మీ వదినకు నప్పుతుంది. కాకపోతే దాన్ని పోతన పద్యానికి అతికించకూడదు.

మీరు అడగకపోయినా ఒకటి. ఇప్పుడు 'ఇంతింతై'ని ఏళ్ళ తరబడి మెల్లగా ఎదగడానికి వాడుతున్నాం. పద్యంలో అది క్షణాల్లో జరిగింది, పైగా వామనుడు కొత్తగా గొప్పవాడయిందీ లేదు, మొదటినుంచీ ఉన్నది బయటపెట్టాడు. అర్థం ఇలా జరగడం భాషలో మామూలే, నాకు అభ్యంతరం లేదు. కోట్ల పెట్టుబడితో, నాన్నగారి బిల్డింగులో మొదలైన వ్యాపారం రెండో బ్రాంచి తెరిచినప్పుడు కూడా ఇదే వాక్యం వాడేస్తుంటే మాత్రం కాస్త ఇబ్బందిగా ఉంటుంది. వ్యాకరణ దోషం కాదు, ఔచిత్య దోషం. ఎవరూ లెక్కచేయని దశ ఒకటి ఉండాలి ఈ నానుడికి. ఇడ్లీ బండికి అది ఉండే ఉంటుంది.

ఇక మీ అన్నయ్యగారి చిన్నబుచ్చడం సంగతి. ఈ పద్యం తరవాతి పద్యంలో వటుడు పెరుగుతుంటే సూర్యబింబం మొదట గొడుగవుతుంది, తరవాత తలమీది రత్నం, చెవికి పోగు, మెడలో నగ, దండకడియం, కంకణం, నడుముకు గంట, కాలి అందె, చివరికి పాదపీఠం. సూర్యుడు కాళ్ళ కిందికి వచ్చేశాడు. ఆ పద్యం చివరి మాటలు ఇవి: 'వటుడు దా బ్రహ్మాండము న్నిండుచోన్'. బ్రహ్మాండం నిండిపోతున్నా పోతనకు అతను వటుడే. అన్నయ్యగారికి ఇది చదివి వినిపించండి.

షాపు అబ్బాయితో ఒక్కమాట చెప్పండి. చోటు చాలక 'వటు' పై వరసలో, 'డింతై' కింది వరసలో పడకుండా చూడమనండి.