మారుతి జిప్సీకి పెట్రోల్ ఇంజన్ తీసి డీజిల్ ఇంజన్ వేశాక బ్రేకు పెడల్ రాయిలా గట్టిపడింది: సమాధానం

మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని చక్రాలకి నెట్టేది) మార్చకండి, తప్పు దానిది కాకపోవచ్చు. మన కాలి బలాన్ని పెంచే బూస్టర్‌కి వాక్యూమ్ (గాలి లాగేసిన ఖాళీ) అందట్లేదు, అందుకే పెడల్ గట్టిగా ఉంది. పెట్రోల్ ఇంజన్‌లో థ్రాటిల్ (లోపలికెళ్లే గాలిని ఆపే తలుపు) మూసుకుంటే మానిఫోల్డ్‌లో, అంటే ఆ గాలి ఇంజన్‌లోకి వెళ్లే గొట్టాల్లో, వాక్యూమ్ పుడుతుంది. మీరు వేసిన పాత తరహా డీజిల్‌కి థ్రాటిలే ఉండదు. బూస్టర్ పైపుని మళ్లీ మానిఫోల్డ్‌కే తగిలించి ఉంటారు. దాన్ని వాక్యూమ్ పంప్‌కి తగిలించాలి; ఇవి చూసుకోండి:

1. వాక్యూమ్ పంప్ ఉందా? కొన్ని డీజిళ్లకి ఆల్టర్నేటర్ (బ్యాటరీ ఛార్జ్ చేసేది) వెనకే ఉంటుంది. సెకండ్ హ్యాండ్ ఇంజన్‌కి పంప్ లేని మామూలు ఆల్టర్నేటర్ అంటగట్టేస్తుంటారు, చూసుకోండి.

2. అందరూ మరిచేది ఇదే: ఆ పంప్‌కి ఆయిల్ వచ్చే పైపుతోపాటు సంప్‌లోకి (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) తిరిగి దిగే పైపు కూడా కావాలి. వచ్చే పైపు లేకపోతే పంప్ అరిగిపోతుంది. దిగేది మడత పడినా ఆయిల్ లోపలే నిలిచిపోతుంది.

3. వన్‌వే వాల్వ్: గాలి బూస్టర్ నుంచి పంప్ వైపే పోవాలి.

ఇంజన్ ఆపి పెడల్ నాలుగైదుసార్లు తొక్కండి. తొక్కిపట్టి స్టార్ట్ చేస్తే పెడల్ కాస్త కిందికి దిగాలి. దిగేదాకా బండి రోడ్డెక్కించొద్దు.