బుజ్జికి, టెర్మినల్లో మెయిల్ రాసే సంగతి

చిరంజీవి బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం.

లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయైన కెర్నెల్‌కి మొదటి ప్యాచ్ (కోడ్‌లో చేసిన మార్పు) పంపావనీ, అది ఎవరి కంటా పడకుండానే తిరుగు టపాలో వచ్చేసిందనీ ఫోన్లో చెప్పావు. కోడ్‌లో తప్పుండి కాదు తల్లీ. నువ్వు బ్రౌజర్లోంచి పంపావు, అది నీ ఉత్తరాన్ని వెబ్ పేజీల భాష హెచ్‌టీఎంఎల్‌లో చుట్టి పంపింది. కెర్నెల్ వాళ్ల మెయిల్ సర్వర్ మామూలు టెక్స్ట్ తప్ప మరొకటి లోపలికి రానివ్వదు. టెర్మినల్లో, అంటే అక్షరాలు మాత్రమే ఉండే కమాండ్ తెరలో, నడిచే మెయిల్ ప్రోగ్రాం మట్, ఉత్తరం రాసుకునే ఎడిటర్ విమ్ వాడమని సలహా ఇచ్చింది నేనే కాబట్టి, వాటిని ఎలా సర్దుకోవాలో కూడా నేనే చెప్పాలి.

ముందుగా, ఎవరిదో మూడొందల లైన్ల విమ్‌ఆర్‌సీ (విమ్ సెట్టింగుల ఫైల్) తెచ్చి నీ ఫోల్డర్లో పడేసుకోకు. అందులో సగం ఎందుకున్నాయో రాసినవాడికే గుర్తుండదు. నాది ఇన్నేళ్ల తర్వాత కూడా పాతిక లైన్లు దాటలేదు.

విమ్‌లో ఒక తిరకాసు ఉంది. 2016లో 8.0 వచ్చినప్పటి నుంచీ, నీకంటూ విమ్‌ఆర్‌సీ లేకపోతే అది తన డిఫాల్ట్ సెట్టింగులు తానే చదువుకుంటుంది. నువ్వు ఆ ఫైల్ పెట్టిన మరుక్షణం, అది ఖాళీదైనా సరే, వాటిని చదవడం మానేస్తుంది. నిన్నటిదాకా నడిచింది ఇవాళ నడవదు. "నేనేం ముట్టుకోలేదు పెదనాన్నా" అని నువ్వు అనబోయే మాట నాకిప్పుడే వినిపిస్తోంది. అందుకే మొదటి లైను 'ఫైల్‌టైప్ ప్లగిన్ ఆన్' అని రాసుకో. మట్ ఇచ్చే తాత్కాలిక ఫైల్ పేరు 'మట్' అనే మొదలవుతుంది, దాన్ని చూసి ఇది మెయిల్ అని విమ్ ఇట్టే పోల్చుకుంటుంది. వెడల్పు నువ్వు విడిగా పెట్టి ఉండకపోతే, లైనుకి 72 అక్షరాల దగ్గర విరవడం కూడా అదే మొదలుపెడుతుంది.

72 ఎందుకంటావా? పాత టెర్మినల్ వెడల్పు 80 అక్షరాలు. అది 1928 నాటి ఐబీఎం పంచ్ కార్డుల నుంచి వచ్చిన లెక్క. నీకు జవాబిచ్చేవాళ్లు నీ ప్రతి లైను ముందూ ఒక > గుర్తు, ఒక ఖాళీ చేరుస్తారు. వాళ్లకి జవాబిచ్చేవాళ్లు ఇంకో జత. 72 దగ్గర ఆపితే అలా నాలుగుసార్లు తిరిగినా లైను 80లోనే ఇముడుతుంది. పేరా మధ్యలో మాటలు మార్చి లైన్లు ఎగుడుదిగుడుగా తయారైతే, ఎస్కేప్ కొట్టి జీ, క్యూ, ఐ, పీ నొక్కు. పేరా మళ్లీ సర్దుకుంటుంది, ముందున్న > గుర్తులు కూడా చెక్కుచెదరవు. నేను రోజుకి ముప్పైసార్లు వాడే మంత్రం ఇదొక్కటే.

ఈ సర్దుడు దానంతటదే జరిగేలా ఫార్మాట్ ఆప్షన్లలో 'ఏ' చేర్చమని ఎవరైనా చెప్తే వినకు. నేను విన్నాను. లైనుకొకటి చొప్పున పదకొండు సర్వర్ల పేర్లు రాసి, పైన ఒక మాట దిద్దాను. పదకొండూ కలిసిపోయి ఒకే పేరా అయింది. చూసుకోకుండా పంపేశాను. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న కుర్రాడు దేన్ని రీస్టార్ట్ చేయాలో తెలియక నాకు ఫోన్ చేశాడు, టైము రెండున్నర.

ప్యాచ్‌ల విషయంలో మాత్రం ఈ 72 నీకు శత్రువే. ఇన్సర్ట్ మోడ్‌లో, అంటే విమ్‌లో టైపు చేసే స్థితిలో, కోడ్ పేస్ట్ చేస్తే పొడుగు లైన్లు విరిగిపోవచ్చు, స్క్రీన్ మీంచి కాపీ చేస్తే ట్యాబులు స్పేసులవుతాయి. అలాంటి ప్యాచ్ అవతలివాళ్ల దగ్గర అతకదు. ప్యాచ్‌లని 'గిట్ సెండ్ ఈమెయిల్' అనే కమాండుతోనే పంపు, మట్‌ని మాటామంతీకి ఉంచు. తప్పనిసరైతే కోలన్, ఆర్, ఫైల్ పేరు కొట్టి లోపలికి తెచ్చుకో, అది ఉన్నదున్నట్టు దిగుతుంది. లైన్లని తెర వెడల్పుకి తగ్గట్టు సర్దే ఫార్మాట్ ఫ్లోడ్ అనే సదుపాయం ఫోన్లో చదివేవాళ్లకి మంచిదే, కానీ కెర్నెల్ వాళ్లు వద్దంటారు. దాన్ని ముట్టుకోకు.

మెయిల్‌కి మాత్రమే కావలసిన సెట్టింగులని విడిగా, విమ్ ఫోల్డర్లో ఆఫ్టర్, దాని లోపల ఎఫ్‌టీప్లగిన్, అందులో మెయిల్ డాట్ విమ్ అనే ఫైల్లో పెట్టుకో. నాకక్కడ ఉన్నది స్పెల్లింగ్ చూసే లైను ఒక్కటే, 'సెట్‌లోకల్'తో. 'సెట్' అని రాస్తే తర్వాత తెరిచిన సీ భాష కోడ్ ఫైళ్లలో కూడా ఎర్రగీతలు పడతాయి. మీ అమ్మకి తెలుగులో రాసేటప్పుడు మాత్రం ఇదంతా పక్కన పెట్టి ఫోన్లోంచే రాయి. చాలా టెర్మినళ్లలో ఒత్తులు ఎక్కడివక్కడ విడిపోయి చదవబుద్ధి కాదు.

ఇక మట్‌ఆర్‌సీలో, అంటే మట్ సెట్టింగుల ఫైల్లో. ఎడిట్ హెడర్స్‌కి ఎస్ చెప్పు, అప్పుడు ఎవరికి, ఏ విషయం అన్నవి కూడా విమ్‌లోనే దిద్దుకోవచ్చు. అయితే కర్సర్ పైన హెడర్ల దగ్గర నిలబడుతుంది కాబట్టి, ఎడిటర్ పేరు పక్కన ప్లస్, స్లాష్, క్యారెట్, డాలర్ చేర్చు. మొదటి ఖాళీ లైను దగ్గర తెరుచుకుంటుంది. మట్ తాత్కాలిక ఫైళ్లు పెట్టే టెంప్ డైరెక్టరీని నీ హోమ్‌లో నువ్వు మాత్రమే చదవగలిగే ఫోల్డర్‌కి మార్చు. మామూలుగా అది స్లాష్ టీఎంపీ, చాలా మెషీన్లలో రీబూట్‌తో తుడిచిపెట్టుకుపోతుంది, సేవ్ చేయని రాతల కోసం విమ్ పక్కనే దాచిన స్వాప్ ఫైల్‌తో సహా. ఒకసారి కరెంటు పోయి గంటన్నర రాసిన ఉత్తరం అలాగే పోగొట్టుకున్నాను. రెండోసారి రాసింది సగం పొడుగే వచ్చింది, అదే బాగుంది అనుకో, అది వేరే సంగతి.

అబార్ట్ నో అటాచ్‌కి 'ఆస్క్-ఎస్' అని కూడా పెట్టుకో. అటాచ్ అన్న మాట రాసి ఫైల్ జోడించడం మరిచిపోతే మట్ ఆగి అడుగుతుంది. ఈ వయసులో నాకు దానంత ఉపకారం చేసిన సెట్టింగ్ లేదు.

కెర్నెల్ వాళ్లలో ఎవరో ఒకరు నీ ప్యాచ్‌ని కరకుగా విమర్శిస్తారు. జవాబు వాళ్ల మాటల కిందే, ముక్క ముక్కకీ ఇవ్వాలి. అక్కర్లేని పాత లైన్లు డీ, డీ కొట్టి తీసెయ్. కోపంతో నాలుగు పేరాలు రాశావనుకో, మధ్యలో సేవ్ చేయకపోతే కోలన్, క్యూ, ఆశ్చర్యార్థకం కొట్టి బయటికొచ్చెయ్. ఫైల్ మారలేదు కాబట్టి మట్ ఆ ఉత్తరాన్నే రద్దు చేస్తుంది. సేవ్ చేశావా, అప్పుడు విమ్ మూసి, మట్ తెరలో పెద్ద పీ (షిఫ్ట్‌తో) నొక్కి వాయిదా వేసి, పొద్దున్నే మళ్లీ చదువు.

చివర సంతకానికి ముందు రెండు హైఫన్లు, ఒక ఖాళీ ఉన్న లైనుని మట్ తానే చేరుస్తుంది. ఆ ఖాళీని తీసెయ్యకు, అవతలి ప్రోగ్రాములు దాన్ని చూసే సంతకాన్ని గుర్తుపడతాయి. నాలుగు లైన్లు మించకూడదు. నాకు ఒక్కటి చాలు.

-- 
పెదనాన్న