కార్బన్ అంటే బొగ్గే, పిల్లలకు ముందు ఆ మాటే చెప్పండి

"కార్బన్, కర్బనం, బొగ్గు ఒకటేనా? ఏడో తరగతి చదివే మా అబ్బాయికి ఏ మాట చెప్పాలి?" అని అడిగారు. బొగ్గు అని చెప్పండి. కర్బనం తర్వాత ఎలాగూ నేర్చుకుంటాడు. నేను ఇంత గట్టిగా చెప్పడానికి మా ఇంట్లో జరిగిన ఒక సంగతి కారణం.

మాది బెల్లంపల్లి దగ్గర పల్లె. 1994 డిసెంబరులో మా అక్క కాన్పుకు వచ్చింది. పాప పుట్టి పన్నెండు రోజులు. ఆదిలాబాద్ చలి సంగతి ఆ వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు. బాలింతకు చల్లగాలి తగలకూడదని అమ్మ కిటికీకి గోనెసంచి కట్టింది, తలుపు కింది సందులో పాత చీర కుక్కింది. రాత్రి అన్నాలయ్యాక కుంపటిలో బొగ్గులు వాకిట్లోనే రాజేసి, పొగంతా పోయి ఎర్రగా అయ్యాక లోపలికి తెచ్చి మంచం పక్కన పెట్టింది. పొగ లేదు కాబట్టి భయం లేదని అమ్మ ధైర్యం. ఊరందరిదీ అదే ధైర్యం.

తెల్లవారుజామున నాలుగింటికి అమ్మ తలుపు తీసుకుని వచ్చి వాకిట్లో కూలబడింది. తల పగిలిపోతోంది అంటుంది, వాంతి చేసుకుంటుంది. లోపల అక్కను పిలిస్తే కళ్లు తెరుస్తుంది, మళ్లీ మూస్తుంది, మాట లేదు. పాప కదలడం లేదు. నానమ్మ గాలి సోకిందని దిష్టి తీయడానికి మిరపకాయలు వెతుకుతోంది. మా అరుపులు విని ఎదురింటి తాత వచ్చాడు. బొగ్గుబాయిలో ముప్పై ఏళ్లు పని చేసి దిగిపోయిన మనిషి. గడపలో నిలబడి కుంపటి చూశాడో లేదో, "ఏ గాలి సోకలేదు, బొగ్గు గాలి పట్టింది! ముందుగాల బయటికి తీసుకురాండ్రి!" అని కేకేశాడు. అక్కను మంచంతో సహా మోసుకొచ్చాం. పాపను ఆయనే తువ్వాలలో చుట్టి, ఛాతీకి ఆనించుకుని, ఆ చలిలోనే ఆరుబయట అటూ ఇటూ తిరిగాడు. చాలాసేపటికి పాప సన్నగా ఏడ్చింది. జీపు మాట్లాడుకుని ఆసుపత్రికి తీసుకెళితే ఆక్సిజన్ పెట్టారు. మూడో రోజు అందరూ ఇంటికి వచ్చారు.

నేనప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం. అంతకు వారం ముందే కాలేజీ పరీక్షలో "కార్బన్ మోనాక్సైడ్ రంగు, వాసన లేని విషవాయువు, రక్తంలో హీమోగ్లోబిన్‌తో కలిసి ఆక్సిజన్‌ను అందనివ్వదు" అని రాసి రెండుకు రెండు మార్కులు తెచ్చుకున్నాను. ఆ రాత్రి కుంపటిలోకి బొగ్గులు ఏరి ఇచ్చింది కూడా నేనే. నేను చదివిన కార్బన్, నా చేతికంటిన బొగ్గు ఒకటేనని నాకు తట్టలేదు. బడికి పోని ఎదురింటి తాతకు తెలిసింది, ఎందుకంటే బాయిలో ఆయనకు దాన్ని బొగ్గు పేరుతోనే చెప్పారు. గాలి సరిగా ఆడని చోట బొగ్గు కాలితే వచ్చేది ఆ విషవాయువేనని మా పుస్తకంలో ఒక్క ముక్క ఉంటే ఆ కుంపటిని నేను లోపలికి రానిచ్చేవాణ్ణి కాదు.

అసలు కార్బన్ అన్న మాటకే అర్థం బొగ్గు. ఫ్రాన్సులో 1780లలో రసాయన శాస్త్రవేత్త లావోషియే వాళ్లు మూలకాలకు కొత్త పేర్లు పెట్టినప్పుడు, బొగ్గును లాటిన్‌లో 'కార్బో' అంటారు కాబట్టి దీనికి ఆ పేరు పెట్టారు. జర్మనీ పిల్లలు నేటికీ 'కోలెన్‌ష్టాఫ్' అని చదువుతారు, అంటే బొగ్గు పదార్థం. మన కర్బనం ఉంది చూశారూ, అది కార్బన్ అన్న శబ్దానికి సంస్కృతం చొక్కా తొడగడమే. ఆ మాటలో ఏ వస్తువూ కనిపించదు. పాత పుస్తకాల్లో కార్బన్ డయాక్సైడ్‌ను బొగ్గుపులుసు వాయువు అనేవారు. బొగ్గు కాలితే వస్తుంది, నీళ్లలో కలిస్తే పుల్లగా ఉంటుంది, సోడా తాగితే నాలుకకే తెలుస్తుంది. అంత చక్కటి మాటను నవ్వి నవ్వి వదిలేశాం. ఇప్పుడు పేపర్లలో 'కర్బన ఉద్గారాలు' అని రాస్తున్నారు. మా అమ్మకు చదివి వినిపిస్తే ఏమర్థమవుతుంది? బొగ్గు, పెట్రోలు, డీజిలు కాల్చిన పొగ అంటే వెంటనే అర్థమవుతుంది.

బొగ్గులో బూడిద, తేమ కూడా ఉంటాయి కదా, రెండూ ఒకటే ఎలా అవుతాయని సైన్సు మాస్టార్లు అంటారు. నిజమే, ఒప్పుకుంటాను. కానీ ఆ తేడా చెప్పాలన్నా ముందు బొగ్గు దగ్గర మొదలుపెట్టాలి. అన్నం మాడితే గిన్నె అడుగున నల్లగా మిగిలేది చూపించి, ఇవాళ అందరూ తగ్గించేస్తున్నామంటున్న 'కార్బ్స్', అంటే కార్బోహైడ్రేట్లలో ఉన్న కార్బన్ ఇదేనని చెప్పండి. ఆముదం దీపం మీద పట్టిన కాటుక అదే. పెన్సిల్ లోపలి నలుపు కొంత మట్టి కలిపిన గ్రాఫైట్, అంటే అదే. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిన వజ్రాలూ అదే. మూలకం ఒకటే, పరమాణువుల అమరిక వేరు. రసీదు పుస్తకంలో కాగితాల మధ్య పెట్టే కార్బన్ పేపరుకు ఆ పేరు రావడానికి కారణం దాని మీద పూసిన మసి. ఈమెయిల్లో 'సీసీ' అని ఉంటుందే, అది కార్బన్ కాపీయే. ఆ కాగితాన్ని ఎన్నడూ చూడని పిల్లలు కూడా రోజూ దాని పేరు వాడుతున్నారు.

మామిడికాయలు మగ్గబెట్టే కార్బైడ్ కూడా ఈ ఇంటి మాటే, కాల్షియంతో కలిసిన కార్బన్. పండ్లకు అది వాడకూడదని నిషేధం ఉంది, అయినా వేసవి వస్తే అంగట్లో పైన పసుపు, లోపల పులుపు కాయలు పోసి అమ్ముతూనే ఉన్నారు. మా అక్క మనవడికి అవి పెడుతుంటే నాకు ప్రాణం ఒప్పదు.

ఆనాటి పాపకు ఇప్పుడు మూడేళ్ల కొడుకు. వాళ్లు హైదరాబాద్‌లో ఉంటారు. చలికాలం వచ్చిందంటే ఫోన్ చేసి, రాత్రి బొగ్గులు గానీ చికెన్ కాల్చే గ్రిల్ గానీ తలుపులు మూసిన గదిలో పెట్టుకోవద్దని చెబుతాను. పోయిన ఏడాది బాల్కనీ తలుపు మూసుంటే గ్రిల్‌ను ఇంట్లోకి తేబోయారట. "మామయ్యా, నువ్వు చెప్పిన బొగ్గు గాలి గుర్తొచ్చి ఆగిపోయాం" అంది.