‘ఎప్పటిలాగే కాల్చాను’ అన్న ఒక్క మాట మీదే మీ కేసు

ప్రశ్న: ఇంట్లోనే, ఒక్కదాన్నే వెండి నగలు చేసి అమ్ముకుంటాను. ఆరేళ్లుగా ఫైన్ సిల్వర్ క్లేతో (మట్టిలా మలిచి కొలిమిలో కాలిస్తే వెండిగా గట్టిపడే ముద్ద) పనిచేస్తున్నాను. ఇంకా గట్టిగా ఉంటుందని చెబితే 19 నెలల క్రితం ఒక ఆన్‌లైన్ విక్రేత దగ్గర స్టెర్లింగ్ సిల్వర్ క్లే ఆరు ప్యాకెట్లు కొన్నాను. ఐదింటితో బ్రేస్‌లెట్లు చేసి ఒక పెద్ద ఆర్డర్ అందించాను. మూడు వారాలకే లింకులు విరగడం మొదలైంది. సరుకంతా తిరిగొచ్చింది, డబ్బంతా వెనక్కిచ్చేశాను. విక్రేత నెలల తరబడి తిప్పించుకుని, పోయిన నెల ‘మీరు సరిగ్గా కాల్చలేదు’ అని మెయిల్ పెట్టాడు. ఫైరింగ్ (కాల్చిన) వివరాలు రాసిన నోట్‌బుక్ ఉంటే కేసు నిలుస్తుందని, లేకపోతే ఇప్పుడు రాసుకున్నా ఎవరికీ తెలియదని ఒక స్నేహితురాలు అంటోంది. విరిగిన ముక్కలు కరిగించి వెండి రాబట్టుకుందామా అని కూడా ఆలోచిస్తున్నాను. నాకు పరిహారం వస్తుందా? – ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ ఉత్తరం నాలుగు పేజీలు. పైన వేసింది దాని సారాంశం మాత్రమే. అందులో మూడు పేజీలు విక్రేత మాటతీరు, ఇంట్లో పడ్డ మాటలు, నిద్రపట్టని రాత్రులు. వాటి జోలికి నేను వెళ్లను. రెండో పేజీ చివర మీరు రాసిన ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను: ‘ఎప్పటిలాగే కిల్న్‌లో (కొలిమిలో) పెట్టి కాల్చాను.’ మీరు గెలిచినా ఓడినా ఈ ‘ఎప్పటిలాగే’ అన్న మాట మీదే.

మీరు ఆరేళ్లుగా వాడిన ఫైన్ సిల్వర్ క్లేలో ఉన్నది 99.9 శాతం స్వచ్ఛమైన వెండి పొడి, దాన్ని పట్టి ఉంచే జిగురు, నీళ్లు. జిగురు కాలిపోయాక గాలి తగిలే అరలో ఉంచినా ఆ వెండి రేణువులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. స్టెర్లింగ్ అలా కాదు. వెయ్యి పాళ్లలో 925 వెండి, మిగతా 75 పాళ్లు ప్రధానంగా రాగి. ఆ వేడిలో రాగికి గాలి తగిలితే ఆక్సైడ్ పొర కడుతుంది. ఆ పొర అడ్డుపడితే రేణువులు కలవవు. అందుకే 925 క్లేను మామూలుగా రెండు విడతలుగా కాల్చమంటారు. మొదట కిల్న్‌లో గాలి తగిలేలా తెరిచిన అర మీద సుమారు 540 డిగ్రీల సెల్సియస్ దగ్గర జిగురు పోగొట్టాలి. తర్వాత స్టీలు డబ్బాలో, కొబ్బరి చిప్పలతో చేసిన యాక్టివేటెడ్ బొగ్గులో పాతిపెట్టి సుమారు 815 డిగ్రీల దగ్గర కాల్చాలి. 960 అని అమ్మే రకం వేరు. అందులో రాగి తక్కువ, తెరిచిన అర మీదే కాల్చేలా తయారైంది. మీరు కొన్నది ఏది? నాలుగు పేజీల్లో ఎక్కడా ఆ అంకె లేదు. మిగిలిన ప్యాకెట్ మీద ఉంటుంది, ముందు అది చూడండి.

మీరు పంపిన ఫోటోను పెద్దది చేసి చూశాను. విరిగిన చోట అంచు వెంట సన్నగా తెల్లటి మెరుపు ఉంది. లోపలంతా మసక బూడిద రంగు, ఇసుక అదిమి పెట్టినట్టు పలుకులు పలుకులుగా ఉంది. నేను లోహ నిపుణుణ్ణి కాను. కానీ ఎదుటి లాయరు ఇదే ఫోటో పట్టుకుని, ‘పైన బ్రష్ చేస్తే మెరిసింది, లోపల అతుక్కోనేలేదు, బొగ్గులో కాల్చనే లేదు’ అని అడ్డప్రశ్నలు మొదలుపెడతాడు. దానికి మీ దగ్గర జవాబు ఉందా?

ఉండాలంటే రెండు విషయాలు తేలాలి. ఎలా కాల్చమని విక్రేత మీకు చెప్పాడు? మీరు ఎలా కాల్చారు? బొగ్గులో కాల్చమని ప్యాకెట్లతో వచ్చిన సూచనల కరపత్రంలో ఉండి, మీరు తెరిచిన అర మీద కాల్చి ఉంటే కేసు లేదు. ఖర్చు పెట్టుకోకండి. ‘మామూలు క్లే లాగే కాల్చండి’ అని అతని ప్రకటనలోనో, చాట్‌లోనో ఉన్నా, అసలు ఏ సూచనా ఇవ్వకుండా అమ్మినా కేసు ఉంది. చెప్పినట్టే రెండు విడతలుగా కాల్చినా విరిగి ఉంటే మరీ బలమైన కేసు. వస్తువు గురించి వ్యాపారి ఏ రూపంలో హామీ ఇచ్చినా ఆ నాణ్యత లోపిస్తే అది ‘లోపం’ అని వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 2(10) చెబుతోంది. ‘ఇంకా గట్టిగా ఉంటుంది’ అన్న మాట అతను రాతపూర్వకంగా అని ఉంటే అదీ హామీయే.

సరైన సూచనలు ఇవ్వకపోతే ప్రోడక్ట్ లయబిలిటీ (వస్తువు వల్ల జరిగిన హానికి తయారీదారు, విక్రేత బాధ్యత) కింద వేయవచ్చని మీకు ఎవరైనా చెప్పవచ్చు. దానికి వర్తించే ‘హాని’ నిర్వచనం సెక్షన్ 2(22)లో చదవండి. వస్తువుకే జరిగిన నష్టాన్ని, వ్యాపార నష్టాన్ని అందులోంచి తీసేశారు. మీ ఆర్డర్ నష్టం ఆ దారిలో రాదు. వస్తువులో లోపం, అనుచిత వ్యాపార పద్ధతి, ఈ రెండింటి మీదే ఫిర్యాదు నిలబెట్టాలి.

ఇక మిమ్మల్ని మందలించక తప్పదు. కరపత్రం పెట్టెతో పాటు పారేశానని రాశారు. ఆరేళ్లు కిల్న్ నడిపి, ఏ రోజు ఎన్ని డిగ్రీలు, ఎంతసేపు అన్నది ఒక్క పేజీ కూడా రాసుకోలేదు. కొత్త రకం సరుకు చేతికొస్తే ఒక్క ముక్క కాల్చి, వంచి చూడకుండా ఐదు ప్యాకెట్లు ఒక ఆర్డర్‌కు వాడేశారు. విక్రేత తప్పు ఎంతున్నా, ఈ మూడూ మిమ్మల్ని బోనులో అడుగుతారు.

ఆ లోటు పూడ్చుకోవడానికి స్నేహితురాలు చెప్పిన పని మాత్రం చేయకండి. 19 నెలల నాటి ఫైరింగ్ వివరాలు ఇవాళ కూర్చుని పాత తేదీలతో రాస్తే అది దొంగ సాక్ష్యం సృష్టించడం. వినియోగదారుల కమిషన్ ముందు నడిచేది న్యాయ విచారణే. అందులో వాడటానికి అబద్ధపు సాక్ష్యం తయారుచేస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 కింద ఏడేళ్ల దాకా జైలు. పైగా పట్టుబడటం చాలా తేలిక. అన్ని ఫైరింగ్‌లకూ ఒకే సిరా, ఒకే దస్తూరి, బొగ్గు కొన్న బిల్లు మాత్రం లేదు. ‘ఎప్పటిలాగే’ అని నాకు రాసిన మనిషే విక్రేతకూ అదే మాట మెయిల్‌లో రాసి ఉండొచ్చు. ఆ మెయిల్ అతని దగ్గర ఉంటుంది. ఒక అబద్ధం బయటపడితే మీ నిజాలన్నీ దానితో పాటు కొట్టుకుపోతాయి.

విరిగిన ముక్కలు కరిగించడం కూడా అంతే ప్రమాదం. చేతికొచ్చే వెండి కొంచెం, పోయేది కేసు మొత్తం. వాటిని మళ్లీ బొగ్గులో కాల్చి ‘చూద్దాం’ అనుకోకండి. అది ఆధారాన్ని మార్చడమే. విక్రేత ‘అన్నీ తిప్పి పంపండి, కొత్తవి ఇస్తాం’ అన్నా అన్నీ పంపకండి. ప్యాకెట్ తెరవకండి. గాలి చొరబడని డబ్బాలో, చల్లని చోట పెట్టండి. క్లే ఎండిపోతే దాన్ని పరీక్షించి లాభం ఉండదు.

హాల్‌మార్కింగ్ కేంద్రంలో టంచు చూపించి రిపోర్టు తెస్తానని కూడా రాశారు. అది మీ ప్రశ్నకు జవాబు కాదు. ముక్క 925 అని తేలినా అది విరగడానికి కారణం తేలదు. ఎక్స్‌రే యంత్రం చూసేది పైపొరనే. ఆమ్లంలో వేసి శుభ్రం చేసిన ముక్క పైపొరలో రాగి తగ్గి, ఉన్నదానికన్నా ఎక్కువ వెండి చూపించవచ్చు. నిప్పుతో చేసే పరీక్షయితే నమూనానే మిగలదు. మీకు కావలసింది సాంద్రత, లోపలి ఖాళీలు, విరిగిన ముఖం తీరు. స్టెర్లింగ్ వెండి సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 10.4 గ్రాములు. అతుక్కోని ముక్క దానికి బాగా తక్కువ చూపుతుంది. ఈ పరీక్ష మీరు సొంతంగా చేయిస్తే ఎదుటిపక్షం ఒప్పుకోదు. సెక్షన్ 38(2)(సి) కింద కమిషన్‌నే అడగండి. నమూనా తీసుకుని, సీలు వేసి, తగిన ల్యాబ్‌కు పంపుతారు. ల్యాబ్ 45 రోజుల్లో రిపోర్టు ఇవ్వాలి. ఫీజు ముందుగా మీరే కట్టాలి. తెరవని ప్యాకెట్ కూడా పంపమని అడగండి. అందులోని క్లేను సరైన పద్ధతిలో కాలిస్తే గట్టిపడుతుందా లేదా అన్నది అప్పుడే తేలుతుంది. ఒకటి గుర్తుంచుకోండి: గట్టిపడితే ఆ రిపోర్టు మీకు వ్యతిరేకంగానే వస్తుంది. అందుకే ‘ఎప్పటిలాగే’ అంటే ఏమిటో ముందు నాకు, మీకు తేలాలి.

గడువు సంగతి ఇంకా ముఖ్యం. సెక్షన్ 69 ప్రకారం వ్యాజ్య కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లు. లింకులు విరిగిన రోజు నుంచి లెక్కపెట్టాలని మనం వాదించవచ్చు. కానీ ఎదుటివాడు పార్సిల్ అందిన రోజు నుంచి లెక్కపెడతాడు. మీరూ ఆ తేదీనే పట్టుకోండి. అంటే మిగిలింది ఐదు నెలలు. పోయిన నెల అతను మెయిల్ పెట్టాడు కాబట్టి గడువు మళ్లీ మొదలైందని మీరు అనుకుంటున్నారు. కాలేదు. బాధ్యత కాదని రాసిన ఉత్తరం గడువు పెంచదు, మీరు పంపే నోటీసులూ పెంచవు. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది గానీ, ‘ఇస్తాడేమోనని ఎదురుచూశాను’ అన్నది నేను చెప్పుకోదలచిన కారణం కాదు. సివిల్ కోర్టుకైతే మూడేళ్లు ఉంటుంది. కానీ కోర్టు ఫీజు, సాగదీత రెండూ అక్కడ ఎక్కువ.

మీరు నగలు అమ్ముతారు కాబట్టి ‘వినియోగదారు కాదు, వ్యాపారి’ అని మొదటి అభ్యంతరం వస్తుంది. సొంతంగా పనిచేస్తూ, కేవలం జీవనోపాధి కోసం వాడేవారిని సెక్షన్ 2(7) వివరణ వినియోగదారుగానే చూస్తుంది. లక్ష్మీ ఇంజనీరింగ్ కేసులో సుప్రీంకోర్టు 1995లోనే దీన్ని వివరించింది. అయితే ఆ మాట ఫిర్యాదులో స్పష్టంగా రాయాలి: ఒక్కదాన్నే చేస్తాను, పనివాళ్లు లేరు, బతుకుతెరువు ఇదే. నిజంగా పనివాళ్లుంటే నాకు ఇప్పుడే చెప్పండి.

ఇప్పుడు వెతకవలసినవి ఇవి. బిల్లు. కొన్న రోజు నాటి ప్రకటన పేజీ స్క్రీన్‌షాట్ లేదా ఆర్డర్ మెయిల్. విక్రేతతో నడిచిన చాట్ మొదటి నుంచి చివరి దాకా, మీకు నచ్చనివి చెరపకుండా. బొగ్గు, స్టీలు డబ్బా కొన్న బిల్లు. కాల్చడానికి ముందు తేదీతో ఆ బిల్లు ఉంటే నోట్‌బుక్ లేని లోటు చాలావరకు తీరుతుంది. మీ కిల్న్ కంట్రోలర్‌లో దాచిన ప్రోగ్రాములు ఉండొచ్చు, తుడిచిపోకముందే ఫోటో తీయండి. ఫోన్‌లో ఆ రోజుల ఫోటోల్లో కిల్న్ అంకెలు పడ్డాయేమో చూడండి, ఆ ఫోన్ మార్చకండి. వీటిలో ఫోన్, కంప్యూటర్ నుంచి తీసిన ఎలక్ట్రానిక్ రికార్డులకు భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద ఇచ్చే ధృవీకరణ సర్టిఫికెట్ జతచేద్దాం. కమిషన్‌లో పట్టింపు తక్కువే అయినా అభ్యంతరానికి సందు ఇవ్వొద్దు.

పరిహారంలో క్లే ఖరీదు, కొనుగోలుదారులకు తిరిగిచ్చిన డబ్బు బ్యాంకు రుజువులతో అడుగుదాం. ఆర్డర్ కోసం కొంటున్నానని విక్రేతకు ముందే చెప్పిన చాట్ దొరికితే ఆ రెండోది బలపడుతుంది, లేకపోతే బలహీనమే. మనోవేదనకు ఒక వాక్యం చాలు.

ఈ వారంలో నోటీసు పంపండి. స్పీడ్ పోస్ట్‌లో, అందినట్టు రుజువుతో, జవాబుకు 15 రోజులు ఇవ్వండి. బ్యాచ్ నంబరు, విరిగిన ముక్కల సంఖ్య రాయండి. ‘ఎలా కాల్చమని మీరు సూచించారో ఆ కాగితం ప్రతి పంపండి’ అని అడగడం మరవకండి. అతను పంపితే మీరు పారేసిన కరపత్రం మీకు దొరుకుతుంది. పంపకపోతే ఆ మౌనమే మనకు పనికొస్తుంది. 16వ రోజున, మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన ధర ఐదు లక్షల రూపాయలు దాటకపోతే ఫిర్యాదు ఫీజు లేదు. దానికి ముందు, రెండు విడతలుగా కాల్చారా లేదా అన్న ఒక్క ప్రశ్నకు నాకు నిజం రాసి పంపండి.