ముగ్గురు పిల్లలకూ కలిపి ఒకే చరిత్ర: ఇంటి చదువుకు పుస్తకాలు ఎంచుకునే ముందు

భర్త ఉద్యోగరీత్యా గత ఏడాది డాలస్ దగ్గరి ఫ్రిస్కోకు వచ్చిన ఒక సోదరి తమ ముగ్గురు పిల్లలకూ ఈ ఆగస్టు నుంచి ఇంట్లోనే చదువు చెప్పుకోవాలని నిర్ణయించుకున్నారు. పిల్లల వయసులు ఆరు, తొమ్మిది, పదమూడు. లెక్కలకూ ఇంగ్లీషుకూ పుస్తకాలు కుదిరాయనీ, చరిత్ర దగ్గరకు వచ్చేసరికి ఏ కరిక్యులమ్ కొనాలో తేలడం లేదనీ, మన చరిత్రను అందులో ఎక్కడ చేర్చాలో అసలే తెలియడం లేదనీ రాశారు. ఇదే సందేహంతో ఉన్న తల్లిదండ్రులు ఇంకా చాలామంది ఉంటారు కనుక కాస్త వివరంగానే జవాబు రాస్తున్నాను.

ముందుగా ఒక మాట: ముగ్గురికీ మూడు చరిత్రలు కొనకండి.

ఆ పొరపాటు మేము చేశాం. ఇంటి చదువు మొదలుపెట్టిన తొలి ఏడాది గ్రేడువారీగా అమ్మే చరిత్ర పుస్తకాల పెట్టెలు మూడు తెప్పించాను. అక్టోబరు వచ్చేసరికి మా పెద్దవాడు అమెరికా అంతర్యుద్ధంలో, రెండో అమ్మాయి టెక్సాస్ తొలి వలసల్లో, చిన్నది ఈజిప్టు పిరమిడ్ల దగ్గర ఉన్నారు. నేను రాత్రి పదకొండింటిదాకా మూడు టీచర్ గైడులు ముందేసుకుని మర్నాటి పాఠాలు చదువుకునేదాన్ని. అంత చేసినా, భోజనాల దగ్గర ముగ్గురూ కలిసి మాట్లాడుకోవడానికి ఒక్క విషయమూ ఉండేది కాదు. లెక్కల్లో కూడికలు రాని బిడ్డకు భిన్నాలు చెప్పలేం. చరిత్రకు అలాంటి మెట్లు లేవు. ఒకే సంఘటనను ఆరేళ్ల బిడ్డ కథగా వింటుంది, తొమ్మిదేళ్ల బిడ్డ ఎప్పుడు, ఎక్కడ అని గుర్తుపెట్టుకుంటుంది, పదమూడేళ్ల బిడ్డ ఎందుకు జరిగిందని అడుగుతుంది. కాబట్టి ముగ్గురినీ ఒకే కాలంలో ఉంచి, ఎవరికి ఎంత లోతు కావాలో అంత చెప్పుకోవడమే తల్లి ఓపికకూ, పిల్లల చదువుకూ మేలు.

చట్టం గురించి మీరు దిగులు పడనక్కర్లేదు. టెక్సాస్‌లో ఇంటి చదువును ప్రైవేటు బడి చదువుగానే పరిగణించాలని 1994లో లీపర్ కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. చదవడం, స్పెల్లింగ్, వ్యాకరణం, లెక్కలు, పౌరధర్మం తప్పనిసరిగా చెప్పాలి. చరిత్ర ఆ జాబితాలో విడిగా లేదు కనుక ఏ క్రమంలో చెప్పాలన్నది పూర్తిగా మీ ఇష్టం. పిల్లలు ఇప్పటికే ప్రభుత్వ బడిలో ఉంటే మాత్రం మానిపిస్తున్నట్టు బడికి రాతపూర్వకంగా తెలియజేయండి. న్యూయార్క్, పెన్సిల్వేనియా వంటి రాష్ట్రాల్లో ఉన్నవారికి ఈ వెసులుబాటు లేదు. అక్కడ చరిత్ర తప్పనిసరి సబ్జెక్టు, కాగితాల పనీ ఎక్కువే. జర్మనీకి వెళ్లిన మనవాళ్లయితే ఈ ఆలోచనే పెట్టుకోకూడదు, అక్కడ ఇంటి చదువుకు సాధారణంగా అనుమతి లేదు.

ఇక పుస్తకాల సంగతి. ఇక్కడ ఎక్కువమంది పాటించే పద్ధతి ప్రపంచ చరిత్రను ప్రాచీన, మధ్య, తొలి ఆధునిక, ఆధునిక యుగాలుగా నాలుగేళ్లకు పంచుకుని, అది పూర్తయ్యాక మళ్లీ మొదటికి వచ్చి ఇంకొంచెం లోతుగా చెప్పుకోవడం. సుజన్ వైజ్ బాయర్ రాసిన ‘స్టోరీ ఆఫ్ ది వరల్డ్’ నాలుగు సంపుటాలూ ఈ క్రమంలోనే సాగుతాయి, బిగ్గరగా చదివి వినిపించడానికి బాగుంటాయి. అయితే ఏ పుస్తకమైనా పేరు విని కొనకుండా లైబ్రరీలో తెప్పించుకుని మూడు చోట్ల తెరిచి చూడండి. మొదటి అధ్యాయంలో ప్రపంచం ఎప్పుడు మొదలైందని రాశారో చూస్తే ఆ పుస్తకం ఏ దృష్టితో రాసిందో తెలిసిపోతుంది. ఇంటి చదువు పుస్తకాల్లో క్రైస్తవ విశ్వాసం పునాదిగా రాసినవి చాలా ఉన్నాయి, కొన్నింటిలో చరిత్ర క్రీస్తుపూర్వం 4004లో సృష్టితో మొదలవుతుంది. అది వారి విశ్వాసం, దాన్ని గౌరవించాలి, కానీ కొనే ముందు మనకు తెలిసి ఉండాలి. రెండోది, భారతదేశం గురించి ఎక్కడెక్కడ ఉందో చూడండి. సింధు నాగరికత, బుద్ధుడు, అశోకుడు అయ్యాక ఒక్కసారిగా గాంధీ దగ్గరకు దూకితే మధ్యలో ఉన్న రెండు వేల ఏళ్లనూ మీరే పూరించాలి. మూడోది, అమెరికాలోని బానిసత్వం గురించీ, ఈ నేల మీద ముందునుంచీ ఉన్న ఆదివాసుల గురించీ ఎంత నిజాయితీగా రాశారో చూడండి. అక్కడ తడబడిన పుస్తకాన్ని మిగతా చోట్ల నేను నమ్మను.

మీ పెద్దమ్మాయికి పదమూడేళ్లు కనుక ప్రాచీన యుగం నుంచి మొదలుపెట్టవద్దని నా సలహా. మధ్యయుగంతో మొదలుపెడితే మూడేళ్లలో వర్తమానానికి వస్తారు, నాలుగో ఏడు ఆ అమ్మాయి అమెరికా చరిత్ర కోసం మిగులుతుంది. అప్పటికి పదేళ్లకు దగ్గరపడే చిన్నవాడు ప్రాచీన యుగానికి హాయిగా వెనక్కి వెళ్లవచ్చు. పెద్దమ్మాయికి ఆ లోటు ఒక వేసవి సెలవుల చదువుతో తీరిపోతుంది.

రోజూ పాఠం ఎలా నడుస్తుందో ఒక ఉదాహరణతో చెబుతాను. చీరాల దగ్గరి మోటుపల్లిలో కాకతి గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం ఉంది. తుఫానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారనీ, తాను మాత్రం దయతో, కీర్తి కోసం, పుణ్యం కోసం నిర్ణీత సుంకం తప్ప అన్నీ వర్తకులకే వదిలేస్తున్నాననీ ఆ రాజు రాతి మీద చెప్పించాడు. ఒక ఉదయం నేను మా ముగ్గురికీ కలిపి పది నిమిషాలు ఇది కథగా చెప్పాను. చిన్నది ఒడ్డుకు ఒరిగిపోయిన ఓడనూ, అందులోంచి దిగుతున్న తడిసిన ఏనుగునూ బొమ్మ గీసింది. రెండో అమ్మాయి పటంలో మోటుపల్లిని గుర్తించి, కథను తన మాటల్లో ఎనిమిది వాక్యాలు రాసింది. పెద్దవాడికి శాసనం అనువాదం చేతికిచ్చి, “రాజు చెప్పిన కారణాలు ఇవి. చెప్పని కారణం ఏమైనా ఉండి ఉంటుందా?” అని అడిగాను. చాలాసేపు ఆలోచించి, ఓడలు భయపడి రాకపోతే సుంకం కూడా రాదు కదమ్మా అన్నాడు. ఆ వారంలోనే, ఇంగ్లండు రాజు తన అధికారానికి హద్దులు ఒప్పుకుంటూ ఇచ్చిన మాగ్నా కార్టా చదువుతుంటే, 1215 నాటి ఆ పత్రంలో 41వ అంశం వర్తకులు భయం లేకుండా వచ్చిపోవచ్చని హామీ ఇస్తోందని వాడే కనిపెట్టి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకున్నాడు.

పాఠం విన్నాక సొంత మాటల్లో తిరిగి చెప్పించడం ఇక్కడ చాలామంది పాటించే పద్ధతి. ఇంగ్లండుకు చెందిన షార్లెట్ మేసన్ అనే విద్యావేత్త దీన్ని వందేళ్ల కిందటే బాగా ప్రచారంలోకి తెచ్చారు. మనం చిన్నప్పుడు పద్యాలు ఒప్పజెప్పినట్టు కాదు ఇది. పుస్తకంలోని మాట ఒక్కటీ రాకపోయినా ఫరవాలేదు, విషయం పట్టుబడితే చాలు. ముందు చిన్నవాడితో మొదలుపెట్టించండి. పెద్దవాళ్లు ముందు చెప్పేస్తే చిన్నవాళ్లకు చెప్పడానికి ఏమీ మిగలదు.

మన చరిత్రను ఎక్కడ చేర్చాలన్న మీ ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది. శనివారం విడిగా ‘ఇండియా పాఠం’ పెడితే పిల్లలకు అది పండుగ బట్టల్లాగే ఎప్పుడో తీసి చూసుకునే వస్తువు అయిపోతుంది. గోడ పొడవునా ఒక కాగితపు చుట్ట అంటించి, ఒకే కాలరేఖ గీసి, ప్రపంచంలో జరిగినవన్నీ దాని మీదే రాయించండి. రామప్ప గుడి 1213, మాగ్నా కార్టా 1215. శ్రీకృష్ణదేవరాయలు పట్టానికి వచ్చిన 1509లోనే ఇంగ్లండులో ఎనిమిదో హెన్రీ రాజయ్యాడు. చార్మినారు 1591లో కడితే, అమెరికాలో ఇంగ్లీషువాళ్లు తొలిసారి నిలదొక్కుకున్న జేమ్స్‌టౌన్ 1607లో వెలిసింది. ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో అడుగుపెట్టింది. 1773లో పన్నుకు నిరసనగా అమెరికన్లు బోస్టన్ రేవులో నీళ్లపాలు చేసిన తేయాకు ఆ కంపెనీదే. యార్క్‌టౌన్‌లో 1781లో జార్జ్ వాషింగ్టన్‌కు లొంగిపోయిన బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్ 1786లో మన దేశానికి గవర్నర్ జనరల్‌గా వచ్చి, 1793లో బెంగాల్లో శాశ్వత శిస్తు పద్ధతి పెట్టాడు. తర్వాత అది సర్కారు జిల్లాలకూ వచ్చింది. తాతల కాలంలో జమీందారీ గురించి ఇంట్లో విన్న పిల్లలకు, దానికి దారివేసిన కార్న్‌వాలిస్ పేరు అమెరికా పాఠంలో ఎదురైతే కలిగే ఆశ్చర్యం ఏ పెట్టెలోనూ దొరకదు. మీ వంతు చదువు కోసం సురవరం ప్రతాపరెడ్డి గారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ తెప్పించుకోండి. రాజుల పేర్లకన్నా ఆనాటి జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలు ఆడారన్నదే చిన్నపిల్లలు ఎక్కువగా అడుగుతారు.

పెద్దమ్మాయి తొమ్మిదో గ్రేడుకు వచ్చాక చదివిన పుస్తకాలు, రాసిన వ్యాసాలు, వెచ్చించిన గంటలు తేదీలతో సహా ఒక నోటు పుస్తకంలో రాసిపెట్టండి. కాలేజీకి పంపే ట్రాన్స్‌క్రిప్టు, అంటే చదివిన సబ్జెక్టులూ గ్రేడులూ చూపే పట్టిక, తయారుచేయవలసింది మీరే. తిరిగి ఇండియా వెళ్లే అవకాశం ఉంటే ఎన్‌ఐఓఎస్ (జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ) ద్వారా పదో తరగతి పరీక్ష రాయించే దారి ఉంది, దానికి పద్నాలుగేళ్లు నిండాలి.

ఆధునిక యుగపు చివరి సంపుటం చేరినప్పుడు పుస్తకం పక్కన పెట్టి, ఇంటి పెద్దవాళ్లను పిల్లలు ప్రశ్నలు అడగనివ్వండి. మా అత్తగారిది అవనిగడ్డ. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు ఆమె మేడ ఉన్న పొరుగింట్లో తలదాచుకున్నారు. మా రెండో అమ్మాయి వీడియో కాల్‌లో, “నీళ్లు వచ్చేటప్పుడు ఏం చప్పుడు వినిపించింది నాయనమ్మా?” అని అడిగితే, అప్పటివరకు మాకెవరికీ చెప్పని సంగతులు ఆమె గంటసేపు చెప్పారు. ఇలాంటి మాటలకు శనివారం ఉదయం తొమ్మిదింటికి ఫోను చేయండి. ఇక్కడ వేసవి అయితే ఇండియాలో అప్పుడు రాత్రి ఏడున్నర, చలికాలమైతే ఎనిమిదిన్నర అవుతుంది. పెద్దవాళ్లు పనులన్నీ ముగించుకుని తీరిగ్గా కూర్చుని ఉంటారు.