మీరు అడిగారు: శైలికల పుట్టుపూర్వోత్తరాలు

ప్రశ్న: బాక్టీరియాకూ కశాభమే (ఈదడానికి వాడే కొరడాలాంటి తోక), మన వీర్యకణానికీ కశాభమే అని చదివాం. మొదటిదే మారి రెండోది అయిందా? (ఇంటర్ విద్యార్థిని, నంద్యాల)

జవాబు: కాదు. పేరొక్కటే, సరుకు వేరు. బాక్టీరియా కశాభం ఫ్లాజెల్లిన్ అనే ప్రోటీన్‌తో అల్లిన తంతువు, మందం సుమారు 20 నానోమీటర్లు. కణపొరలో ఇమిడిన మోటారు దాన్ని మొదలు దగ్గర పట్టుకుని గిరగిరా తిప్పుతుంది, తంతువు తనంతట తాను వంగదు. వీర్యకణం తోక, శ్వాసనాళంలోని శైలిక (కణం మీద వెంట్రుకలా కదిలే పోగు) మాత్రం ఒకే కోవవి. పైన కణపొర తొడుగు, లోపల చుట్టూ 9 జతల సూక్ష్మనాళికలు (సన్నని ప్రోటీన్ గొట్టాలు), నడుమ 2. డైనీన్ ప్రోటీన్ కణానికి శక్తినిచ్చే ఏటీపీని ఖర్చుపెట్టి పక్క జతను జరపబోతుంది. జతలు ఒకదానికొకటి కట్టి ఉంటాయి కాబట్టి జారిపోలేక వంగుతాయి. ఆ కట్లను ప్రోటీన్లను కోసే ట్రిప్సిన్ ఎంజైమ్‌తో తెంపి ఏటీపీ ఇస్తే వంపు రాదు, జతలు జారి బయటికి సాగుతాయి. ఈ ప్రయోగం 1971 నాటిది. ఆర్కియాలది (బాక్టీరియాలా కనిపించే వేరే సూక్ష్మజీవులది) మూడో రకం, అదీ విడిగా పుట్టిందే.

ప్రశ్న: స్పైరోకీట్ అనే మెలితిరిగిన బాక్టీరియా కణానికి అతుక్కుపోయి శైలికగా మారిందంటారు, నిజమేనా? (పాఠకుడు, వరంగల్)

జవాబు: అమెరికా జీవశాస్త్రవేత్త లిన్ మార్గులిస్ 1967లో చెప్పిన మాట అది. మైటోకాండ్రియా, హరితరేణువులు కణంలో చేరిన ఒకప్పటి బాక్టీరియాలే అన్న ఆమె వాదన నిలిచింది. వాటికి సొంత డీఎన్ఏ, సొంత రైబోసోములు ఉన్నాయి. శైలికకు ఆ రెండూ లేవు. దాని భాగాలన్నీ కణద్రవ్యంలో తయారై, ఐఎఫ్‌టీ అనే రవాణా వ్యవస్థ మీద కొసకు చేరతాయి. ఆ వ్యవస్థలోని ప్రోటీన్లకు కణంలో సంచులను కప్పే తొడుగు ప్రోటీన్లతో చుట్టరికం కనిపిస్తుంది. అంటే శైలిక ఇంటి సామానుతోనే తయారైంది. మనిషిలో, క్లామిడోమోనాస్ అనే ఏకకణ శైవలంలో, ట్రిపనోసోమా అనే పరాన్నజీవిలో అదే 9+2 అమరిక ఉందంటే నిజకేంద్రక జీవుల (కణంలో కేంద్రకం ఉన్నవాటి) ఉమ్మడి పూర్వికుడికీ అది ఉన్నట్టే.

ప్రశ్న: మరి వరికి, మామిడికి శైలిక ఎందుకు లేదు? (రైతు, తణుకు)

జవాబు: పోగొట్టుకున్నాయి. నాచులు, ఫెర్న్‌ల పురుషబీజాలు నీటిలో ఈది అండాన్ని చేరాలి. వరిలో పుప్పొడి నాళమే వాటిని మోసుకెళ్తుంది, ఈత అక్కరలేదు. సైకాస్, గింకోలది నడిమి దశ: పుప్పొడి నాళమూ ఉంది, ఈదే పురుషబీజమూ ఉంది. జపాన్‌లో హిరాసె అనే పరిశోధకుడు దీన్ని 1896లో గింకోలో చూశాడు. మన శేషాచలం కొండల్లోని పేరిత కూడా సైకాసే.

శైలికతోపాటు వరి, మామిడి లాంటి మొక్కల్లో సెంట్రియోల్ (కణ విభజనలో కనిపించే చిన్న గొట్టంలాంటి భాగం) కూడా పోయింది. అయినా కణ విభజనకు లోటు రాలేదు. సెంట్రియోల్ అసలు ఉద్యోగం శైలికకు పునాదిగా ఉండటమే అనడానికి ఇది గట్టి ఆధారం. సెంట్రియోల్ లేకుండా చేసిన డ్రోసోఫిలా అనే పండ్ల ఈగలు పెద్దవవుతాయి గానీ, జ్ఞాననాడుల్లో శైలికలు లేక అదుపు తప్పి త్వరలోనే చనిపోతాయి. మలేరియా పరాన్నజీవిది ఇంకో వింత. ఐఎఫ్‌టీ జన్యువులనే వదిలేసింది, కశాభాన్ని పురుషబీజానికే మిగుల్చుకుంది. దోమ పొట్టలో పావుగంట లోపే ఒక్కో మగ కణం 8 కశాభాలను కణద్రవ్యంలోనే కట్టేస్తుంది.

ప్రశ్న: ఈదే మొక్క పురుషబీజాన్ని కాలేజీ మైక్రోస్కోపులో చూపించవచ్చా? (బోటనీ అధ్యాపకురాలు, కరీంనగర్)

జవాబు: ఫెర్న్‌తో చూపించవచ్చు. తడి ఇటుక మీద ఫెర్న్ సిద్ధబీజాలు (స్పోర్లు) చల్లి, గాజు మూత పెట్టి, నీరు అడుగు నుంచే పీల్చుకోనివ్వండి. పైనుంచి పోస్తే ఆంథరీడియాలు (పురుషబీజాలుండే సంచులు) ముందే పగిలిపోతాయి, క్లాసు రోజున ఏమీ దొరకదు. లేత ప్రోథాలస్‌ను (సిద్ధబీజం మొలిచి వచ్చే చిన్న ఆకులాంటి మొక్కను), మూలతంతువులున్న అడుగు వైపు పైకి వచ్చేలా, వాననీటి చుక్కలో పెట్టండి. క్లోరిన్ ఉన్న కుళాయి నీరు వద్దు. కొన్ని నిమిషాల్లో మెలితిరిగిన పురుషబీజాలు బయటపడి సుడులు తిరుగుతాయి. మొదట 100 రెట్లలో వెతికి, 400కి మారండి. వెలుతురు తగ్గించే డయాఫ్రమ్‌ను మూస్తేనే కనిపిస్తాయి. నిండు వెలుతురులో పారదర్శకంగా మాయమవుతాయి, విద్యార్థులు 'ఏమీ లేదు మేడం' అనేది అప్పుడే. కశాభాలు లెక్కపెట్టాలంటే చివర్లో కవర్‌స్లిప్ అంచున అయోడిన్ చుక్క వేయండి. కదలిక ఆగి, కశాభాల కుచ్చు రంగు పట్టుకుంటుంది.