ఢిల్లీ యూనివర్సిటీ సీటు: దరఖాస్తు నింపిన రోజే సగం తేలిపోతుంది

ప్రశ్న: మాది కరీంనగర్. మా అమ్మాయి ఇంటర్ ద్వితీయ సంవత్సరం ఎంఈసీ చదువుతోంది. రెండో భాష సంస్కృతం. ఢిల్లీ యూనివర్సిటీలో ఎకనామిక్స్ ఆనర్స్ చేయాలని పట్టుదలగా ఉంది. నాకేమో సీఏ చేయించాలని ఉంది. మాకు తనొక్కతే సంతానం. ఇంటర్‌లో 95 శాతానికి పైగా వస్తాయని కాలేజీ వాళ్లు అంటున్నారు. అవి సరిపోతాయా? సెంట్రల్ యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష సీయూఈటీకి ఇప్పటినుంచే కోచింగ్‌లో చేర్పించాలా? మేము బీసీ-డి కిందకు వస్తాం. - ఒక తండ్రి

జవాబు: కోచింగ్ సంగతి చివర్లో చెబుతాను. ముందు ఒక కుర్రాడి సంగతి వినండి.

రెండేళ్ల కిందట జూన్‌లో ఒక ఎంపీసీ విద్యార్థి స్కోరు కార్డు పట్టుకుని నా దగ్గరకు వచ్చాడు. మంచి స్కోరు. అతనికి కావాల్సింది మీ అమ్మాయి కోరుకుంటున్న ఎకనామిక్స్ ఆనర్సే. కార్డులో ఇంగ్లిష్, ఫిజిక్స్, కెమిస్ట్రీ, జనరల్ టెస్ట్ ఉన్నాయి, గణితం లేదు. గడువు చివరి రోజు రాత్రి ఇంటర్నెట్ సెంటర్‌లో ఫారం నింపించాడట. గణితం ఎలాగూ ఈఏపీసెట్‌లో రాస్తున్నాను కదా, మళ్లీ ఎందుకని వదిలేశాడట. ఢిల్లీ యూనివర్సిటీలో ఎకనామిక్స్ ఆనర్స్‌కు సీయూఈటీలో గణితం రాసి తీరాలి. ఆ సంగతి అతనికి చెప్పడానికి రెండు నిమిషాలు పట్టింది. తర్వాత ఓ గంటసేపు ఇద్దరం ఏవేవో మాట్లాడుకున్నాం గానీ, దారి మాత్రం లేదు.

అందుకే నా దగ్గరకు వచ్చే వాళ్లందరినీ ముందు యూనివర్సిటీ బులెటిన్ చదవమంటాను, పుస్తకాలు ఆ తర్వాత. దేశంలోని సెంట్రల్ యూనివర్సిటీల డిగ్రీ ప్రవేశాలకు 2022 నుంచి సీయూఈటీ వచ్చింది. పరీక్ష అందరికీ ఒకటే అయినా, ఏ కోర్సుకు ఏ సబ్జెక్టులు రాయాలన్నది ఏ యూనివర్సిటీకి ఆ యూనివర్సిటీయే నిర్ణయిస్తుంది. విద్యార్థి గరిష్ఠంగా ఐదు సబ్జెక్టులు ఎంచుకోవచ్చు. సవరణలకు కొద్ది రోజులు గడువిస్తారు. అది దాటితే ఆ ఐదే ఖాయం.

మీ అమ్మాయి విషయానికి వద్దాం. ఎకనామిక్స్ ఆనర్స్‌కు ఢిల్లీ యూనివర్సిటీ అడిగేవి నాలుగు: ఒక భాష, గణితం, జాబితాలోని మరో రెండు సబ్జెక్టులు. పైగా ఇంటర్‌లో చదివిన సబ్జెక్టులనే సీయూఈటీలోనూ రాయాలంటుంది. అదే పేరుతో సబ్జెక్టు లేకపోతే దానికి దగ్గరగా ఉన్నది రాయాలి. మన కామర్స్ పేపర్లో సగం వాణిజ్యశాస్త్రం, సగం అకౌంటెన్సీ. సీయూఈటీలో ఇవి బిజినెస్ స్టడీస్, అకౌంటెన్సీ అని రెండు వేర్వేరు పేపర్లు. లెక్కల మీద పట్టున్న ఎంఈసీ పిల్లలకు అకౌంటెన్సీ మేలు. భాష విషయంలో మన పిల్లలు చాలామంది తికమక పడతారు. సంస్కృతం సీయూఈటీలోని 13 భాషల జాబితాలో లేదు, విడి సబ్జెక్టుగా ఉంది. తెలుగు ఆ 13లో ఉంది గానీ మీ అమ్మాయి ఇంటర్‌లో చదవలేదు. కాబట్టి ఇంగ్లిష్ పెట్టించండి. ఇంగ్లిష్, గణితం, ఎకనామిక్స్, అకౌంటెన్సీ నాలుగయ్యాయి. ఐదోది జనరల్ ఆప్టిట్యూడ్ టెస్ట్. దాన్ని అడిగే కోర్సులు, యూనివర్సిటీలు ఉన్నాయి కాబట్టి ఆ తలుపు కూడా తెరిచి ఉంటుంది.

95 శాతం సరిపోతుందా అని అడిగారు. ఇక్కడ కొంచెం మనసు గట్టి చేసుకోవాలి. ఢిల్లీలో సీటు నిర్ణయించేది సీయూఈటీ స్కోరే. ఇంటర్ పాసై ఉండాలి, ఇద్దరికి ఒకే స్కోరు వచ్చినప్పుడు ఆ మార్కులు అక్కరకొస్తాయి, అంతే. మన దగ్గర 1000కి 980 వస్తే ఫ్లెక్సీలు కడతాం. ఆ 980 అక్కడి మెరిట్ జాబితాలో కనిపించదు.

ఇక చదువు. సీయూఈటీ సిలబస్ ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతిది. మన ఇంటర్ బోర్డు రెండేళ్లకు పంచిన పాఠాలకూ దానికీ పొంతన ఉండదు. గణితమే చూడండి. సెకండియర్‌లో పిల్లలు నెలల తరబడి కుస్తీ పట్టే సంకీర్ణ సంఖ్యలు, డిమోయర్ సిద్ధాంతం, వృత్తాలు, పరావలయం సీయూఈటీలో లేవు. ఫస్టియర్‌లో అటకెక్కించిన మాత్రికలు, సదిశలు, విలోమ త్రికోణమితి, అవకలనం ఉన్నాయి. సమాకలనం, అవకల సమీకరణాలు, సంభావ్యత రెండింటికీ పనికొస్తాయి. లీనియర్ ప్రోగ్రామింగ్ మాత్రం మన పుస్తకాల్లో కనిపించదు, కొత్తగా నేర్చుకోవాలి. అది చిన్న అధ్యాయం. నాలుగు రోజులు కూర్చుంటే వచ్చేస్తుంది, మార్కులు తేలిగ్గా ఇస్తుంది.

ఎకనామిక్స్‌దీ ఇదే కథ. డిమాండ్, ఉత్పత్తి వ్యయాలు, మార్కెట్లు, జాతీయాదాయం మనకు ఫస్టియర్‌లో అయిపోతాయి. సెకండియర్ అంతా భారత ఆర్థిక వ్యవస్థ, తెలంగాణ ఆర్థిక వ్యవస్థ. సీయూఈటీ అడిగేది సూక్ష్మ, స్థూల అర్థశాస్త్రంతో పాటు భారత ఆర్థికాభివృద్ధి. అంటే మూలన పడిన మొదటి సంవత్సరం పుస్తకం మళ్లీ దుమ్ము దులపాలి. అకౌంటెన్సీలో భాగస్వామ్య ఖాతాలు, కంపెనీ ఖాతాలు తనకు పరిచయమే. రేషియోలు, క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్ మాత్రం ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలోంచి విడిగా చేయాలి. ఈ పుస్తకాలన్నీ ఎన్‌సీఈఆర్‌టీ వెబ్‌సైట్లో ఉచితంగా దొరుకుతాయి.

పరీక్ష కంప్యూటర్ మీద. ఒక్కో సబ్జెక్టుకు 60 నిమిషాల్లో 50 ప్రశ్నలు. ఒప్పుకు 5 మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత. ఈఏపీసెట్‌లో నెగెటివ్ మార్కులు ఉండవు కాబట్టి మన పిల్లలు ఆ మాట వినగానే బెదిరిపోయి ప్రశ్నలు వదిలేస్తుంటారు. లెక్క వేసి చూపించండి. ఏమీ తెలియని నాలుగు ప్రశ్నలకు గుడ్డిగా గుర్తు పెట్టి, సగటున ఒకటి తగిలిందనుకుంటే 5 వస్తాయి, మిగతా మూడింటికి 3 పోతాయి. అప్పటికీ 2 మిగులుతాయి. నాలుగు జవాబుల్లో ఒకటి కచ్చితంగా కాదని తెలిస్తే లాభం ఇంకా ఎక్కువ. కాబట్టి ఇక్కడ ఖాళీగా వదలడం పొదుపు కాదు. అసలు ఇబ్బంది సమయంతో వస్తుంది. ప్రశ్నకు 72 సెకన్లు. ఇంగ్లిష్‌లో చాలినంత సమయమే. గణితం, అకౌంటెన్సీలలో స్టెప్పులన్నీ రాసే అలవాటున్న పిల్లలు ముప్పైయ్యో ప్రశ్న దగ్గరే ఆగిపోతారు. ఇంటర్ పరీక్షల్లో మార్కులు తెచ్చిపెట్టిన ఆ అలవాటే ఇక్కడ అడ్డొస్తుంది. దాన్ని మార్చడానికి గడియారం ఎదురుగా పెట్టుకుని మాక్ టెస్టులు రాయడం తప్ప నాకు మరో మందు తెలియదు.

కటాఫ్‌లు చూసేటప్పుడు ఒక జాగ్రత్త. 2024 వరకు ఒక్కో పేపర్ 200 మార్కులకు లెక్కించేవారు కాబట్టి నాలుగు సబ్జెక్టుల మొత్తం 800. 2025 నుంచి ప్రశ్నలన్నీ రాయాల్సిందే, పేపర్‌కు 250, మొత్తం 1000. పాత కటాఫ్ 760 అని చూసి మనకు 800 వచ్చిందిగా అని సంబరపడిన వాళ్లున్నారు. 800కి 760 అంటే 95 శాతం, 1000కి 800 అంటే 80 శాతం.

పరీక్ష అయిపోగానే సీటు దానంతట అదే వస్తుందనుకోవడం రెండో పెద్ద పొరపాటు. సీయూఈటీ కేవలం స్కోరు ఇస్తుంది. ఆ తర్వాత ఏ యూనివర్సిటీకి ఆ యూనివర్సిటీ పోర్టల్‌లో విడిగా నమోదు చేసుకోవాలి, ఫీజు కట్టాలి. ఢిల్లీ యూనివర్సిటీ పోర్టల్ పేరు సీఎస్ఏఎస్. అక్కడ కాలేజీ, కోర్సు కలిపి ఆప్షన్లు వరుసగా పెట్టాలి. మనవాళ్లకు ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు అలవాటే కాబట్టి ఇది కొరుకుడు పడని సంగతేమీ కాదు. మీకు నిజంగా ఏది ఎక్కువ ఇష్టమో ఆ వరుసలోనే పెట్టండి, వస్తుందో రాదో అన్న అంచనా ప్రకారం కాదు. కింద పెట్టిన కాలేజీలో సీటొస్తే పైవాటి కోసం అప్‌గ్రేడ్ అడగవచ్చు. పైన పెట్టినదే వచ్చేస్తే కిందవాటి వైపు మళ్లీ చూడలేరు. సీటు కేటాయించాక గడువులోగా అంగీకరించకపోతే మాత్రం ఆట ముగిసినట్టే. ఆ వారం రోజులు ఊళ్లో పెళ్లిళ్లున్నా సరే, ఫోను దగ్గర ఒకరు ఉండాలి.

మీకు ఒక్కతే సంతానం అన్నారు. ఢిల్లీ యూనివర్సిటీలో ఏకైక ఆడబిడ్డలకు ఒక్కో కాలేజీలో ఒక్కో కోర్సుకు ఒక అదనపు సీటు ఇస్తున్నారు. పోటీ లేదని కాదు, కానీ దరఖాస్తులో ఆ గడి ఖాళీగా వదలకండి. ఇది చాలామంది తల్లిదండ్రులకు తెలియదు.

ఆప్షన్లలో ఆడపిల్లల కాలేజీలు మిరాండా హౌస్, లేడీ శ్రీరామ్, గార్గి కూడా పెట్టించండి. టీటీడీ 1961లో ఢిల్లీలో స్థాపించిన శ్రీ వేంకటేశ్వర కాలేజీని మరవకండి. దాని పక్కనున్న మెట్రో స్టేషన్‌కు మన దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరే పెట్టారు. అమ్మాయిని అంత దూరం పంపుతున్నామే అని గుబులు పడే తల్లికి ఈ ఒక్క ముక్క చెబితే కాస్త స్థిమితపడటం నేను చాలాసార్లు చూశాను.

సర్టిఫికెట్ల దగ్గర మీరు ఇప్పుడే కదలాలి. బీసీ-డి అన్నది రాష్ట్రం ఇచ్చిన వర్గీకరణ. సెంట్రల్ యూనివర్సిటీల్లో ఓబీసీలకు 27 శాతం రిజర్వేషన్ ఉంది గానీ, అది కేంద్ర జాబితాలో ఉన్న కులాలకే. రాష్ట్ర జాబితాలో ఉన్నవన్నీ అందులో ఉండాలని లేదు. మీ కులం ఉందో లేదో జాతీయ బీసీ కమిషన్ వెబ్‌సైట్లో చూడండి. ఉంటే మీసేవలో అడగాల్సింది మామూలు కుల ధ్రువపత్రం కాదు, కేంద్ర నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ ధ్రువపత్రం. ఎప్పటిదో పాతది చూపిస్తే ఒప్పుకోరు, యూనివర్సిటీ చెప్పిన తేదీ తర్వాత తీసుకున్నదై ఉండాలి. ఇంకొకటి, ఇంటి పేరు. పదో తరగతి మెమోలో ఇంటి పేరు పూర్తిగా ఉండి, ఆధార్‌లో ఒక్క పొడి అక్షరమే ఉంటే ఫారం నింపేటప్పుడు తలనొప్పి మొదలవుతుంది. ఆధార్‌ను మెమో ప్రకారం సరిచేయించడానికి ఇది మంచి సమయం. 2025లో సీయూఈటీ దరఖాస్తులు మార్చి 1న మొదలయ్యాయి, కానీ ప్రతి ఏడాదీ అదే తేదీ ఉంటుందని లేదు. జనవరి నుంచే సీయూఈటీ నిర్వహించే ఎన్‌టీఏ వెబ్‌సైట్ మీద ఓ కన్నేసి ఉంచండి.

ఢిల్లీ రాకపోతే ఏమిటన్నది కూడా ఇప్పుడే అనుకోవాలి. అదే సీయూఈటీ స్కోరుతో గచ్చిబౌలిలోని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో అయిదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏ ఎకనామిక్స్‌కు ప్రయత్నించవచ్చు. నన్నడిగితే, చదువు పరంగా అది ఢిల్లీలోని చాలా కాలేజీలకు ఏమాత్రం తీసిపోదు. ఇంటికి దగ్గరన్నది అదనం. ఇటు తెలంగాణ డిగ్రీ ప్రవేశాల పోర్టల్ దోస్త్‌లోనూ నమోదు చేయించి ఉంచండి. అక్కడ చేరాక ఢిల్లీ సీటొస్తే ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వబోమని కొన్ని కాలేజీలు మొండికేస్తుంటాయి. విద్యార్థుల ఒరిజినల్స్‌ను కాలేజీలు తమ దగ్గర అట్టిపెట్టుకోకూడదని యూజీసీ స్పష్టంగా చెప్పింది. ఆ మాట మర్యాదగానే, కానీ గట్టిగా అడగండి.

సీఏ గురించి మీరు బెంగపడక్కర్లేదు. ఎకనామిక్స్ డిగ్రీలో 60 శాతం మార్కులుంటే ఫౌండేషన్ రాయకుండానే సీఏ ఇంటర్మీడియట్‌లో చేరవచ్చు. ఇప్పుడు అమ్మాయి మాట నెగ్గినా, మూడేళ్ల తర్వాత మీ మాటకూ చోటుంటుంది. ఖర్చు విషయానికొస్తే, యూనివర్సిటీ కాలేజీల్లో ఫీజు భారం కాదు. హాస్టల్ సీట్లే తక్కువ. చాలామంది విజయ్ నగర్, కమలా నగర్, సత్య నికేతన్‌లలో పేయింగ్ గెస్ట్ గదుల్లో ఉంటారు, ఆ అద్దే అసలు ఖర్చు.

ఇప్పుడు కోచింగ్. గణితం, ఎకనామిక్స్ కాలేజీలో బాగానే చెబుతున్నప్పుడు, ఇంటర్ పరీక్షలు అయ్యేదాకా కోచింగ్ వద్దనే అంటాను. పొద్దున ఎనిమిది నుంచి రాత్రి దాకా కాలేజీలో కూర్చునే పిల్లకు మరో రెండు గంటల తరగతి పెడితే పోయేది నిద్రే. పరీక్షల తర్వాత సీయూఈటీ వరకు దాదాపు రెండు నెలలు దొరుకుతాయి. అప్పుడు కావాలంటే మాక్ టెస్టుల వరకు ఎక్కడైనా చేర్పించండి.

ఈ ఆదివారం మాత్రం ఒక పని చేయించండి. ఎన్‌టీఏ వెబ్‌సైట్ నుంచి నాలుగు సబ్జెక్టుల సిలబస్ ప్రింట్ తీసి, ఇంటర్ రెండేళ్ల పుస్తకాలు పక్కన పెట్టుకుని, ఒక్కో అధ్యాయం ఎదురుగా పెన్సిల్‌తో రాయమనండి: చదివాను, మరిచాను, అసలు లేదు. మూడో రకం ఎన్ని వచ్చాయో నాకు రాయండి. టైమ్‌టేబుల్ సంగతి అప్పుడు చూద్దాం.